పాలాయన చెప్పిన పాప

ఆ ఫోను వచ్చినప్పుడు నేను ఒక గర్భిణికి బీపీ చూస్తున్నాను. పుంగనూరుకు కొంత దూరంలో ఉన్న మూడు పల్లెలకు నేను నర్సును. అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. మా అమ్మా నాన్నా ఆ చుట్టుపక్కల చేలల్లోనే కూలికి పోయి నన్ను చదివించారు కాబట్టి అక్కడ నాకు తెలియని ఇల్లు లేదు.

ఫోను చేసింది పాలాయన భార్య. రెండు ఆవులు పెట్టుకుని పొద్దునా సాయంత్రం పాలకేంద్రంలో పాలు పోసే మనిషి ఆయన. ఊళ్లో పాలు పోసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, కానీ నాకు పాలాయన అంటే ఆయనే.

"నర్సమ్మా, ఆయప్ప నిన్నట్నించి నీళ్లు తాగలేకుండాడు. చెంబు సూస్తానే వణికిపోతాండాడు. ఒక తూరి వచ్చి సూసి పోమ్మా" అంది.

నా చేతిలో ఉన్న బీపీ మిషను గాలిబుడ్డ అలాగే ఉండిపోయింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి "ఏమైంది మేడం?" అని రెండుసార్లు అడిగిందట. నాకు వినిపించలేదు.

నెలన్నర ముందు సంగతి నాకు గుర్తొచ్చింది. టమాటా కోతలు జోరుగా సాగుతున్న రోజులు. ఒక ఉదయం పాలకేంద్రం దగ్గర గోధుమరంగు కుక్క ఒకటి ఆయన పిక్క పట్టుకుంది. ఆయన ఇంటికి పోయి సబ్బుతో బాగా కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు. అంతవరకు సరిగ్గానే చేశాడు. నేను పీహెచ్‌సీకి పంపించాను. అక్కడ మా డాక్టరమ్మ మొదటి సూది వేసి, గాయంలో వేసే సీరం మదనపల్లె పెద్దాసుపత్రిలో ఉంటుంది, ఇవాళే వెళ్లండి అని చీటీ రాసిచ్చింది. మూడోనాడు, ఏడోనాడు, ఇరవై ఎనిమిదోనాడు మళ్లీ రావాలని చెప్పింది. ఆయన సరేనని తల ఊపాడు. ఇంటికి పోయేసరికి ఆవు ఈనడానికి సిద్ధంగా ఉంది. చీటీని దేవుడి పటం వెనక దోపి, రేపు పోదాంలే అనుకున్నాడు. మళ్లీ ఏ సూదికీ పోలేదు.

మూడోనాడు ఆయనకు ఫోను చేసి గుర్తుచేయాల్సింది నేను. ఆరోజు పుంగనూరులో మీటింగు. ఇంటింటి వివరాలు కొత్త యాప్‌లో ఎలా ఎక్కించాలో నేర్పుతున్నారు. సాయంత్రం చేద్దామనుకున్నాను. సాయంత్రం మరిచిపోయాను. ఏడోనాడు అసలు రిజిస్టరు తెరిచానో లేదో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. మరిచిపోయిన దానికంటే, ఆ గుర్తు లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

నేను స్కూటీ మీద వెళ్లేసరికి ఆయన వసారాలో ఒక మూలకు జరిగి కూర్చుని ఉన్నాడు. అంత ఎండలోనూ ఫ్యాను ఆపేసి ఉంది. గాలి తగిలితే గొంతు బిగిసిపోతోందని ఆయనే ఆపించాడట.

"ఏం లేదమ్మా. గొంతు పట్టుకోనుండాది. సూది ఒకటి ఏస్తే సరిపోతాది" అన్నాడు.

ఇంటికి వచ్చినవాళ్లకు నీళ్లివ్వడం ఆయన భార్యకు అలవాటు. నాకోసం లోపలి నుంచి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆమె గడప దాటగానే ఆయన చూపు ఆ గ్లాసు మీద పడింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఛాతీ ఎగిసిపడింది. రెండు చేతులూ ముందుకు చాచి, "తీసెయ్, తీసెయ్" అని అరిచాడు. అది ఆయన గొంతులా లేదు. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను దాన్ని లాక్కుని బయట పారబోశాను.

రేబిస్ గురించి పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, శిక్షణలో వీడియో చూశాను. ఎదురుగా చూడటం అదే మొదటిసారి. వెంటనే నూట ఎనిమిదికి ఫోను చేశాను.

నూట ఎనిమిది బండిలో ఆయనతో నేను వెనక కూర్చున్నాను. ఆయన భార్య ముందు కూర్చుంది. మదనపల్లె దగ్గరపడే కొద్దీ టమాటా లారీలు వరసగా అడ్డం వచ్చాయి. బండి ఆగినప్పుడల్లా ఆయన కిటికీ మూయమనేవాడు. మూసి ఉన్న కిటికీనే మూయమనేవాడు. నోట్లోని ఎంగిలి మింగలేక పెదాల పక్క నుంచి కారుతోంది. నేను తువ్వాలుతో తుడిచాను. మూడుసార్లో నాలుగుసార్లో తుడిచాక నా చూపుడువేలు చురుక్కుమంది. ముందురోజు మామిడికాయ తరుగుతూ తెగిన వేలు అది. దానికి చుట్టిన ప్లాస్టరు ఎప్పుడో ఊడిపోయింది. తువ్వాలు తడిసి ఉంది. నా వేలూ తడిసి ఉంది.

నేను ఆయనకు కనబడకుండా వేలిని చీర కుచ్చిళ్లలో దాచుకున్నాను. ఎందుకు దాచుకున్నానో తెలియదు. దాచుకుంటే తెగినది తెగనట్టు అవుతుందా!

ఆసుపత్రిలో ఆయన్ను వెలుతురు తక్కువగా, సద్దు లేకుండా ఉండే గదిలో పడుకోబెట్టారు. నేను ముందు కొళాయి దగ్గరికి పరిగెత్తి వేలిని సబ్బుతో కడిగాను. చర్మం తెల్లబడి ముడతలు పడేదాకా కడిగాను. తిరిగి వచ్చేసరికి డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"మీకు తెలుసు కదమ్మా" అన్నారు.

"తెలుసు సార్."

"బాధ లేకుండా చూడటం తప్ప ఇంకేం లేదు. ఇంట్లో వాళ్లందరికీ సూదులు వేయించండి. అదే కుక్క ఇంకెవరినైనా కరిచిందేమో కనుక్కోండి. వాళ్లకైతే ఇంకా టైముంది."

బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య నా ముఖమే చూస్తోంది.

"ఏమన్నాడు నర్సమ్మా? గ్లూకోసు పెడితే బాగవుతాదా?"

"సూస్తాండారక్కా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఎంతసేపు పట్టిందో!

మందు ఇచ్చాక ఆయన కాస్త తేరుకున్నాడు. ఆ జబ్బులో అదొక ఘోరం. మనిషికి తెలివి పోదు. నేను గుమ్మం దగ్గరికి వెళ్లగానే చెయ్యెత్తి ఆపాడు.

"దగ్గరికి రావద్దమ్మా. ఆడే నిలబడు. నాకు తెలిసిపోయింది" అన్నాడు.

నేను నిలబడ్డాను. ఆయన మాట తెగి తెగి వస్తోంది.

"ఆ పొద్దు అది కరిసింది నన్నొక్కన్నే గాదు. నన్ను కరిసి టమాటా తోట దిక్కు పరిగెత్తింది. ఆడ కోతకొచ్చినోళ్ల పాప ఒకతి గట్టు మింద కూసోనుండాది. ఆ పాప భుజం పట్టుకునింది. నేనే కట్టె తీసుకోని తరిమినా."

"ఎవురి పాపన్నా?"

"తెలీదు. కుప్పం పక్కనోళ్లంట. ఒక ముసలామె ఎంబడి వచ్చింది. సూది ఏయించమ్మా అని నేను చెప్తి. ఆయమ్మ తల ఊపింది. నేనూ అట్లే గదా ఊపింది. నువ్వు ఆ పాపను ఎతుకు."

మరునాడు మధ్యాహ్నం కాకముందే ఆయన పోయాడు. చివరి గంటల్లో ఏం జరిగిందో నేను రాయను. ఆయన భార్య అదంతా చూసింది. అది చాలు.

పీహెచ్‌సీలో ఆయన ఇంట్లో వాళ్లందరికీ మొదటి సూది పడింది. ఆఖరున నేను మా డాక్టరమ్మ ముందు వేలు చాచి, "నాక్కూడా వెయ్యండి మేడం" అన్నాను. ఆమె వేలిని తిప్పి చూసి, మనిషి నుంచి మనిషికి రావడం దాదాపు వినలేదని, అయినా తెగిన చోట ఎంగిలి తగిలింది కాబట్టి వదలకూడదని చెప్పింది. దాదాపు అన్న మాట దగ్గర నా ప్రాణం ఆగిపోయింది. సూది దిగుతున్నప్పుడు నాకు నొప్పి తెలియలేదు. నా బుర్ర నిండా గట్టు మీద కూర్చున్న పాపే ఉంది. నెలన్నర దాటింది. పిల్లలకు, అందులోనూ తలకు దగ్గరగా కరిస్తే, జబ్బు తొందరగా రావచ్చు. పాలాయనకు పిక్క మీద కరిస్తేనే వచ్చేసింది. ఆ పాపకు భుజం మీద.

ఆ సాయంత్రమే టమాటా తోట రైతు దగ్గరికి వెళ్లాను. పాలాయన ఎలా పోయాడో ఊరంతా తెలిసిపోయింది కాబట్టి నన్ను చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

"మా తోటలో ఎవురినీ కరవలే" అన్నాడు, నేను అడగకముందే.

"అన్నా, నేను కేసు పెట్టేదానికి రాలేదు."

"పోలీసోళ్లు వస్తే నా గతేంగావల్ల? బయట నుంచి కూలోళ్లను పిలిపించింది నేనే గదా."

"ఎవురూ రారు. నువ్వు ఇప్పుడు చెప్పకపోతే మాత్రం ఆ పాప కూడా పాలాయన మాదిరే పోతాది. నేను ఆయన్ను సూసొచ్చినానన్నా. పాప అట్ల పోకూడదు."

నా గొంతు ఎప్పుడు పెద్దదైందో తెలియలేదు. ఆయన తల వంచుకుని లోపలికి పోయి ఫోను తెచ్చాడు. కూలీలను తోలుకొచ్చిన మేస్త్రీ నంబరు చెప్పాడు. మేస్త్రీ ఎక్కడో కోలారు పక్కన పనిలో ఉన్నాడు. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు.

"ఆ ముసలామెనా? ఇప్పుడు మాతో లేదు మేడం. కుప్పంలో రైలుగేటు దాటినాక రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలుండాయి సూడు, వాటెనకాల రేకుల ఇండ్లు. ఆడుంటాది. పేరు గీరు నాకు తెలీదు. అందురూ అవ్వా అనే పిలుస్తారు" అన్నాడు.

"పాపకు సూది ఏయించినారా?"

"నాకేం తెలుసు మేడం. ఆ పొద్దు పాప ఏడిసింది. సున్నమూ మిరప్పొడీ పెట్టినారు. మళ్లా ఆడుకుంటాండె."

మా డాక్టరమ్మ కుప్పం ఆరోగ్యకేంద్రానికి ఫోను చేసి చెప్పింది. వాళ్లు వెతుకుతామన్నారు. కానీ పేరు లేని పాపను, పేరు లేని అవ్వను వాళ్లెలా పట్టుకుంటారు? నేనూ వెళ్తానన్నాను. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కాను. పలమనేరులో దిగి ఇంకో బస్సు. వి.కోట దాటాక రోడ్డు పక్కన రాతి దిమ్మెలు పేర్చి ఉన్న లారీలు కనిపించాయి. దారంతా నేను సీసాలో నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూనే ఉన్నాను. దాహం వేసి కాదు. గుటక దిగుతోందా లేదా అని చూసుకోవడానికి. ఒక్కసారి పొరమారింది. రెండు రోజుల్లో ఏమీ రాదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోదు.

కుప్పంలో అక్కడి ఆశా కార్యకర్త నాకోసం బస్టాండులో ఎదురుచూస్తోంది. నాకంటే చిన్నది, గబగబా నడిచే మనిషి.

"ఆ రేకుల ఇండ్లలో మనవరాళ్లను పెట్టుకునుండే అవ్వలు ముగ్గురుండారక్కా. పొద్దున ఒకామెను సూసినా, ఆయమ్మ కాదు" అంది.

రెండో ఇంటికి తాళం వేసి ఉంది. రాళ్లు కోసే మిషన్ల చప్పుడులో మాట వినిపించాలంటే అరవాల్సి వస్తోంది. గుడ్డలు ఉతుకుతున్న ఒకామెను, టమాటా కోతకు పుంగనూరు దిక్కు పోయొచ్చిన అవ్వ ఎవరని అడిగాం. ఆమె చెయ్యి ఎత్తి చివరి ఇల్లు చూపించింది.

"ఆయమ్మే. ఇంట్లోనే ఉంటాది. పాపకు జొరం గదా. నిన్నట్నించి లేస్తాండలే."

ఆశా కార్యకర్త నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అక్కడి నుంచి ఆ ఇల్లు ఇరవై అడుగులు కూడా ఉండదు. ఆ ఇరవై అడుగులు నేను ఎలా నడిచానో!

అవ్వ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"కుక్కా? ఏ కుక్క? మా పాపను ఏ కుక్కా కరవలే."

"అవ్వా, కోపం చేసుకోవద్దు. ఒక తూరి పాపను సూసి పోతాము."

"జొరానికి మాత్ర ఏసినా. తగ్గిపోతాది. మీరు పోండి."

లోపల మంచం మీద దుప్పటి కదిలింది. దాని కింద నుంచి ఒక సన్నటి గొంతు, "కరిసింది గదవ్వా" అంది.

అవ్వ పక్కకు తప్పుకుంది.

పాపకు ఆరేళ్లు ఉంటాయి. జుట్టు చెమటకు నుదుటికి అతుక్కుపోయింది. గౌను భుజం జరిపి చూశాను. చెయ్యీ మెడా కలిసే దగ్గర నాలుగు మచ్చలు, మానిపోయి నల్లబడి ఉన్నాయి. ఒళ్లు కాలుతోంది.

"నీళ్లు తేండి" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది గానీ, నీళ్లు రాకూడదని, ఆ కుండ ఖాళీగా ఉండాలని, లోపల ఎవరో మొక్కుతున్నట్టుంది.

అవ్వ స్టీలు గ్లాసుతో తెచ్చింది. నేను పాప ముఖం చూస్తున్నాను. గ్లాసు దగ్గరికి రాగానే పాప తల అటు తిప్పేసింది.

"నాకొద్దు."

"యాల నాయనా? కొంచెం తాగు."

"వద్దు." గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "ఈడ నొస్తాంది."

ఆశా కార్యకర్త గోడకు ఆనుకుంది. నాకు మదనపల్లెలో ఆ గది కనిపించింది. ఆ చేతులు, ఆ మెడ కనిపించాయి. మూలనున్న పాత కేలండరు అట్ట తీసుకుని, దాంతో పాప ముఖానికి మెల్లగా విసిరాను. గాలి తగిలితే ఏమవుతుందో చూడాలి. నా చెయ్యి విసురుతోంది, నా కళ్లు మూసుకుపోతున్నాయి.

"ఇసరొద్దు, చలి" అని పాప విసుక్కుంది. అంతే. మెడ బిగియలేదు. ఊపిరి ఎగియలేదు. జ్వరం ఉన్న ఏ పిల్లయినా విసుక్కున్నట్టే విసుక్కుంది.

ఆశా కార్యకర్త తేరుకుని ఫోను లైటు వేసి పాప నోరు తెరిపించింది. "అక్కా, గొంతు లోపల ఎర్రగా వాచిపోయుండాది సూడు" అంది. నేను చూశాను. రెండు పక్కలా వాపు. మామూలు గొంతునొప్పి. కానీ మామూలు అన్న మాట నమ్మడానికి నాకు ధైర్యం చాల్లేదు. మళ్లీ నీళ్ల గ్లాసు అందుకున్నాను.

"నీళ్లొద్దు" అంది పాప. "కూల్‌డ్రింకు అయితే తాగుతా."

అవ్వ "జొరంలో కూల్‌డ్రింకా!" అని కసిరింది. నేను అప్పటికే గుమ్మం దాటాను. పక్క అంగట్లో ఒక చిన్న సీసా పట్టుకుని పరిగెత్తి వచ్చాను. పాప లేచి కూర్చుని, స్ట్రా నోట్లో పెట్టుకుని, గుటక దిగినప్పుడల్లా నొప్పికి కళ్లు చికిలిస్తూ, సీసా అడుగు దాకా తాగేసింది. ఒక్క చుక్క కారలేదు. నేను బయటికి వచ్చి గడప మీద కూర్చుని ఏడ్చాను. ఆశా కార్యకర్త నా వీపు నిమురుతూ, "గమ్మునుండక్కా, పాప భయపడతాది" అని తనూ ఏడ్చింది.

ఎవరో చెప్పినట్టున్నారు, పాప తల్లి ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. కనుబొమ్మల మీద, జడ మీద తెల్లగా రాతి పొడి. పనిలో తీరిక లేక పాపను అమ్మ వెంట కోతకు పంపిందట. కుక్క కరిచిందని ఆమెకు అప్పుడే, మా నోటి నుంచే తెలిసింది. అవ్వ వైపు తిరిగింది.

"నాకు యాల చెప్పలేదమ్మా?"

అవ్వ నేల చూస్తూ, "చెప్తే ఇంగ పాపను నా కాడ వదలవని" అంది.

పాప తల్లి లోపలికి పోయింది. పాపను ఎత్తుకుంది. అందరం ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం.

డాక్టరుగారు అంతా విని, జ్వరం గొంతు వాపు వల్లేనని తేల్చి, ఆలస్యమైనా సూదులూ సీరమూ వేసి తీరాలన్నారు. "లక్షణాలేవీ లేవు. అంటే మనకింకా సమయం ఉందని అనుకుందాం" అన్నారు. అనుకుందాం అన్నారు, ఉంది అనలేదు. ఆ తేడా నాకు, పాప తల్లికి, ఇద్దరికీ అర్థమైంది.

పాత మచ్చల చుట్టూ సీరం వేస్తుంటే పాప కేకలకు వరండాలో వాళ్లు తొంగి చూశారు. తల్లి ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకున్నాం. "నువ్వు మంచిదానివి కాదు! కూల్‌డ్రింకు ఇచ్చి మోసం చేస్తివి!" అని నన్ను చూసి అరిచింది. ఆ అరుపు ఎంత గట్టిగా ఉంటే నాకు అంత ధైర్యంగా ఉంది.

ఆ తర్వాతి రోజులే కష్టం. పని చేసి భయపడటం వేరు, ఊరికే కూర్చుని భయపడటం వేరు. పొద్దున ఏడింటికల్లా పాప తల్లికి ఫోను చేసేదాన్ని. మొదటి ప్రశ్న ఒకటే: "పాప నీళ్లు తాగిందా?" నాలుగైదు రోజులు చూసి ఆమె, "అక్కా, నీ ఫోను మోగితే నా గుండె ఆగిపోతాంది. నువ్వు చెయ్యొద్దు. నేనే పంపిస్తా" అంది. అప్పటి నుంచి రోజూ పొద్దున ఒక ఫొటో వచ్చేది. పాప గ్లాసు ఎత్తి తాగుతున్న ఫొటో. కొన్ని రోజులు నవ్వుతూ, కొన్ని రోజులు మూతి ముడుచుకుని. ఒకరోజు పదిన్నర దాకా రాలేదు. ఆ మూడున్నర గంటల్లో నేను టీకాలు వేయాల్సిన పిల్లల కార్డులు కలిపేసి, మళ్లీ మొదటి నుంచి సర్దుకున్నాను. తీరా చూస్తే వాళ్ల ఫోనులో చార్జింగు లేదు.

ఇంట్లో నా గ్లాసు, నా కంచం విడిగా పెట్టుకున్నాను. నా కూతురిని ముద్దు పెట్టుకోవడం మానేశాను. అవసరం లేదని డాక్టరమ్మ చెప్పింది. అయినా మానేశాను. పొద్దున లేవగానే వంటింట్లో నిలబడి గ్లాసు నీళ్లు చూస్తూ ఉండేదాన్ని. చూసి, ఏమీ అనిపించకపోతే తాగేదాన్ని. ఒకరోజు మా ఆయన వెనక నుంచి చూసి, "ఏమట్ల సూస్తాండావు దాన్ని?" అన్నాడు. నేను అప్పటికి ఆయనకు వేలి సంగతి చెప్పలేదు. ఆ పొద్దున చెప్పాను. ఆయన నా గ్లాసు తీసుకుని, నేను తాగగా మిగిలిన నీళ్లు తాగేశాడు. అప్పుడు ఆయన మీద నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ పూటంతా మాట్లాడలేదు. మరునాటి నుంచి గ్లాసును మునుపంతసేపు చూడాల్సిన అవసరం రాలేదు.

ఇరవై ఎనిమిదోనాటి సూదికి నేను మళ్లీ కుప్పం వెళ్లాను. అంతకుముందే నా సూదులన్నీ అయిపోయాయి. నన్ను చూడగానే పాప "సూదమ్మ వచ్చె!" అని అవ్వ చీర వెనక దాక్కుంది. అవ్వ ఈసారి అడ్డం నిలబడలేదు. తనే పాప చెయ్యి పట్టుకుని ఆసుపత్రి దాకా నడిచింది. దారిలో నాతో ఒక్క మాట అంది.

"ఆ పొద్దు ఆ పాలాయన సూది ఏయించమని చెప్పె. బాగుండాడా ఆయప్ప?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పగానే అవ్వ రోడ్డు మీదే ఆగిపోయింది. పాపను దగ్గరికి లాక్కుని తన పొట్టకు అదుముకుంది. పాప ఊపిరాడక గింజుకునేదాకా వదల్లేదు.

ఇంకొక పని నేను వాయిదా వేస్తూ వచ్చాను. పాలాయన ఇంటికి వెళ్లడం. ఆయన పెద్దకర్మకు నలుగురిలో కలిసి వెళ్లి వచ్చానే గానీ, ఆయన భార్యతో ఒంటరిగా కూర్చోలేదు. కుప్పం నుంచి వచ్చిన మరునాడు మధ్యాహ్నం వెళ్లాను. ఆమె ఆవుకు గడ్డి వేస్తోంది. పాప బాగుందని ముందు చెప్పాను. ఆమె చేతులు దులుపుకుని కూర్చుంది.

"అక్కా, మూడోనాడు నేను ఫోను చెయ్యాల్సింది. చెయ్యలేదు. ఏడోనాడూ చెయ్యలేదు. అది నా పని" అన్నాను.

ఆయన పోయింది విధి అంటుందని, పోనీలేమ్మా అంటుందని, నేను లోలోపల ఎదురుచూశానేమో.

"చేసింటే సూదికి పొయ్యింటాడేమో" అంది. "నేను చెప్తే వినడు గానీ, నువ్వు చెప్తే వింటాండె."

నేను తల ఎత్తలేదు.

"ఆ చీటీ పటమెనక పెట్టేటప్పుడు నేనూ సూసినా నర్సమ్మా. నేనూ అడగలే. ఆవు ఈనే పనిలో పడిపోతిని." ఆమె కొంగు ముఖానికి కప్పుకుంది. లేచి వచ్చేటప్పుడు ఆమె నన్ను మళ్లీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

వానలు మొదలయ్యాక పశువుల ఆసుపత్రి వాళ్లు మా మూడు పల్లెల్లోనూ కుక్కలకు టీకాలు వేశారు. పట్టడానికి వల పట్టుకుని ఇద్దరు వచ్చారు. ఇళ్లు చూపించడానికి నేను వాళ్ల వెంట తిరిగాను. కుక్క ఎదురొస్తే నేను ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తాను. పాప ఈ యేడు రెండో తరగతికి వచ్చింది. ఏడాది దాటితే భయం చాలావరకు లేనట్టేనని డాక్టరమ్మ చెప్పింది. చాలావరకు అన్న మాట ఎంత ఇరుకుగా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, నెలకొకసారి ఇంకా పాప తల్లితో మాట్లాడతాను.

కుక్క కరిచిందని ఎవరొచ్చినా ఇప్పుడు వాళ్ల తేదీలు నా ఫోనులో అలారం పెట్టుకుంటాను. మోగగానే, నేను ఏ మీటింగులో ఉన్నా, బయటికి వచ్చి ఫోను చేస్తాను. ఎత్తకపోతే ఇంటికే పోతాను. మొన్న ఒకాయన రెండో సూదికి రాకుండా మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు వేసుకుని పోయాడు. ఆరుసార్లు చేశాను. ఏడోసారి ఎత్తి, "యాల మా ప్రాణం తీస్తావు తల్లా! రేపొస్తా పో" అని కసిరాడు.

"రేపు కాదన్నా. ఈ పొద్దే. నువ్వు యాడుండావో చెప్పు, ఆడికే వస్తా" అన్నాను.

అవతల కాసేపు వేలంపాట కేకలే వినిపించాయి. తర్వాత ఆయన, "వద్దులే, నేనే వస్తాండా" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి వచ్చి, చొక్కా చెయ్యి పైకి లాగి, నా ముఖం చూడకుండా బల్ల మీద కూర్చున్నాడు.